కళాయి ఆయన చెప్పిన ఇంగ్లీషు సినిమా

పోయిన నెల హోసూరు బైపాసు పక్కన, ఒక కొత్త మేడ రెండో అంతస్తులో, కంపెనీల్లో పనిచేసే కుర్రవాళ్ళు కొందరు చేరి పాత ఇంగ్లీషు సినిమా ఒకటి వేశారు. మా వీధిలో ఉండే ఇంజనీరమ్మాయి నన్ను బలవంతాన తీసుకుపోయింది. గోడకు అంటించిన బొమ్మ చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. స్నానాల గది, నీళ్ళు చిమ్మే కొళాయి, దాని ముందు పానా పట్టుకున్న ఒక మనిషి, వాడి కాలరు పట్టుకున్న ఒక పట్టుబట్టల దొరసాని.

ఆట మొదలయ్యే ముందు గడ్డం పెంచిన ఒక యువకుడు మైకు పట్టుకున్నాడు. సినిమాకు మాటలు వచ్చిన కొత్తలో ఇటువంటి హాస్యచిత్రాలు చాలా వచ్చాయట. వాటిలో పేరుపడ్డ పది పన్నెండింటిని మాత్రమే లోకం గుర్తు పెట్టుకుందట. ఇది గుర్తుండకుండా పోయిన వాటిలో ఒకటట. అంతవరకు నాకేమీ పేచీ లేదు. చివర్లో అన్నాడు, "మన ప్రాంతంలో దీన్ని చూసినవాళ్ళు ఒక్కరు కూడా ఉండరు" అని.

నేను లేచి నిలబడ్డాను.

"ఉండాము," అన్నాను. "ఈ ఊర్లోనే చూసినాము. రేకుల సినిమా కొట్టాయిలో, ఆదివారం పొద్దున ఆట. మూడు వారాలు ఆడింది."

"అది వేరే సినిమా అయ్యుంటుంది తాతా. కూర్చోండి."

"వేరే కాదప్పా. కొళాయి బాగుచేసే దానికి వచ్చినోణ్ణి పట్టుకోని, వీడే నా మొగుడు అంటాది ఆయమ్మ. ఇద్దరూ కోర్టుకు పోతారు. కాదంటావా?"

ఆ అబ్బాయి చేతిలో కాగితం చూసుకొని, కాదనలేక, దీపాలార్పించాడు. నేను కూర్చున్నాను గాని కోపం దిగలేదు. ఈ ఊళ్ళో ఫ్యాక్టరీలు రాకముందు మనుషులే లేరని వీళ్ళ నమ్మకం. ఉన్నా, నవ్వడం రానివాళ్ళని నమ్మకం. మాకు నవ్వు నేర్పినవాడు రెండేళ్ళ కింద పోయాడు. ఏ పత్రికలోనూ రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. ఊళ్ళో ఆయన్ను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. కళాయి ఆయన అంటే చాలు. ఇత్తడి గిన్నెలకు, అండాలకు కళాయి పూయడం ఆయన పని. కొలిమితిత్తి, బొగ్గులు, తగరపు కడ్డీ కావడిలో వేసుకొని డెంకణికోట దాకా ఊరూరూ తిరిగేవాడు. ఏనుగులు తిరిగే అడవి అంచు పల్లెల్లో కూడా ఆయన అరుపు వినిపించేది. మనిషి సన్నం, గొంతు మాత్రం దిట్టం.

ఆయన్ను తలుచుకుంటే నాకు మొదట కాళ్ళు కనిపిస్తాయి. కళాయి పూయకముందు పాత్రను తోమాలి. పెద్ద అండా అయితే దానిలో ఇసుకా చింతపండూ వేసి, లోపలికి దిగి, గోడ పట్టుకొని, నడుం కుడికీ ఎడమకూ తిప్పుతూ పాదాలతో రుద్దుతారు. రోజంతా అట్లా తిరిగిన కాళ్ళు అండాలోంచి బయటికి వచ్చినా తిరగడం మానేవి కావు. టీ అంగడి ముందు నిలబడినా, బస్సు కోసం ఎదురుచూస్తున్నా, ఆయన మడమలు నేలను రుద్దుతూనే ఉండేవి. ఆయన నిలబడిన చోట మట్టిలో రెండు గుండ్రటి గుంతలు పడేవి.

ఇంగ్లీషు ఆటకు పక్కన నిలబడి కథ చెప్పేవాడొకడు ఉండటం మా పక్క అప్పటి వాడుక. రేకుల కొట్టాయిలో ఆదివారం ఉదయం ఇంగ్లీషు ఆట. రేకుల చిల్లుల్లోంచి ఎండ చారలు తెర మీద పడేవి. తెరకు ఎడమ పక్క, ఒక బోర్లించిన పెట్టె మీద కళాయి ఆయన. మైకు లేదు, అవసరమూ లేదు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరికీ పట్టింపు లేదు.

"ఇప్పుడు వచ్చినాడే టోపీ ఆయన, ఈయనకి కృష్ణగిరిలో మామిడిపండ్ల మండీ. సొమ్ముంది, నిద్ర లేదు. అదో, తలుపు తీసింది ఆయన కూతురు. ఆయమ్మకి నిద్రుంది, అణకువ లేదు."

జనం విరగబడి నవ్వేవారు. తెర మీద న్యూయార్కో ఏదో ఉండేది. ఆయన నోట్లో అది కృష్ణగిరి. కారు కొండ దిగితే రాయకోట రోడ్డు. లావుపాటి జడ్జి వస్తే, "కల్లావి సంతలో ఎద్దు తప్పిపోయినట్ల ఉండాడు చూడండప్పా" అనేవాడు. తెర మీద ఇద్దరు ఒక్కసారిగా మాట్లాడితే ఈయన రెండు గొంతులతో మాట్లాడేవాడు. పెట్టె మీద కాళ్ళు తిరుగుతూనే ఉండేవి.

ఆ సినిమాల సంగతి కొంచెం చెప్పాలి. పెద్ద పేరున్న ఇంగ్లీషు చిత్రాలు బెంగుళూరు దాటి మా దాకా వచ్చేవి కావు. ఎవరికీ అక్కరలేనివి, అరిగిపోయి గీతలు పడ్డవి, రేకు డబ్బాల్లో బస్సెక్కి వచ్చేవి. అదే మాకు మేలయింది. తెలిసిన తార అయితే జనం ఈలలు వేసి ఆ ముఖాన్నే చూస్తారు. ముఖం తెలియనప్పుడు ఆ మనిషి ఏం చేస్తున్నాడో చూడక తప్పదు. ఆ సినిమాల్లో ఎవరూ కుదురుగా ఉండరు. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరి మాట దాని మీద పడుతుంది. కోటీశ్వరులు పైజామాలతో వీధిన పడతారు. ఆడమనిషి ఏడవదు. కారు తనే తోలుతుంది, తీసుకుపోయి నీళ్ళ తొట్టిలో దించుతుంది, పైగా పక్కనున్నవాణ్ణే తిడుతుంది. ప్రేమ అన్న మాట ఎవరి నోటా రాదు. జగడమే. ఆ జగడం దేనికో ఆడేవాళ్ళిద్దరికీ తప్ప చూసేవాళ్ళందరికీ తెలుస్తుంది. మన చిత్రాల్లో నాయిక స్తంభం పట్టుకొని కన్నీళ్ళు పెట్టుకునే కాలంలో, ఇవి మా ఊరి ఆడవాళ్ళకు ఎంత ఊపిరిచ్చాయో పుస్తకాలు రాసే పెద్దలెవరికీ పట్టలేదు.

ఆడవాళ్ళ బెంచీల్లో, చివరి వరుసలో, ప్రతి ఆదివారం ఒకామె వచ్చి కూర్చునేది. ఆమె కళాయి ఆయన పెళ్ళాం. ఆయన ఇంట్లో ఉండేది కాదు. ఆరేళ్ళు కాపురం చేసి, గురుబరపల్లిలో అన్న ఇంటికి వెళ్ళిపోయింది. ఆయన కొట్టలేదు, తాగలేదు, ఇంకొకరి జోలికి పోలేదు. ఊరంతా వినేట్టు అరిచే మనిషి ఇంటికొస్తే నోరు విప్పడని ఆమె గొడవ. అన్నం పెడితే తినేవాడు. అడిగితే తల ఊపేవాడు. "గోడతో కాపురం చేసేదానికి నేనెందుకు, సున్నం కొట్టేవాణ్ణి పిలుచుకో" అని సంచి పట్టుకొని బస్సెక్కింది. అయినా ఆదివారం పొద్దున బస్సులో వచ్చేది, టికెట్టు కొనేది, ఆయన చెప్పే కథ వినేది, మధ్యాహ్నం బస్సుకు పోయేది. బయట ఇద్దరికీ మాటల్లేవు. ఆయన పెట్టెమీంచి చెప్పే ప్రతి మాటా ఆ చివరి బెంచీకేనని కొట్టాయిలో అందరికీ తెలుసు. ఆమె తిరిగి వస్తుందా రాదా అన్నదే ఆ రోజుల్లో అసలు ఆట. ఇంగ్లీషుది తర్వాత.

ఇక నా సంగతి. నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. శెట్టిగారి అంగట్లో పప్పులు తూచేవాణ్ణి. పొట్లాలకు బెంగుళూరు నుంచి పాత ఇంగ్లీషు పత్రికలు మూటలుగా వచ్చేవి. ప్రతి కాగితం మడిచేముందు చదివేవాణ్ణి. అట్టపోయిన నిఘంటువు ఒకటి దొరికింది. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి హోసూరులో నా అంత ఇంగ్లీషు వచ్చినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఊరు నన్ను "ఇంగ్లీషప్పా" అని పిలిచేది. అది వెక్కిరింత అని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పోయిన నెల నేను మేడ మీద చూసిన ఈ కొళాయి సినిమా అప్పుడే వచ్చింది. కొట్టాయికి వచ్చిన ప్రింటులో మొదటి రీలు లేదు. స్నానాల గదిలోనే కథ మొదలు. షావుకారు కూతురు తండ్రి కుదిర్చిన పెళ్ళి తప్పించుకోవడానికి, కొళాయి బాగుచేస్తున్నవాణ్ణి పట్టుకొని, నాకు పెళ్ళయిపోయింది, వీడే మొగుడంటుంది. వాడు కాదంటాడు. ఇల్లూ వీధీ ఏకం చేసి, కోర్టుకెక్కుతారు. పెళ్ళికి రుజువు లేదు గనుక విడాకులివ్వలేను, విడాకులు కావాలంటే ముందు పెళ్ళి చేసుకొని రండని జడ్జి అంటాడు.

కళాయి ఆయన చెప్పిన కథ వేరు. "వీళ్ళిద్దరూ నిజంగానే మొగుడూ పెండ్లాలప్పా. ఒక్క మాట మీద చెరో దిక్కు పోయినారు. ఆయమ్మ నిజం చెప్తా ఉండాది. వాడు రోషానికి కాదంటా ఉండాడు."

మొదటి ఆదివారం పళ్ళు కొరుక్కున్నాను. రెండో ఆదివారం నోటుబుక్కు తీసుకుపోయి రాసుకున్నాను. మూడో ఆదివారం ఆట మధ్యలో లేచాను.

"అన్నా, అట్ల లేదు. వాళ్ళకి పెండ్లి కాలేదు. ఈ మనిషిని నేను జన్మలో చూడలేదని ఆమె స్నేహితురాలికి ఫోనులో చెప్పింది. నేను రాసుకోనుండాను."

"గమ్మున కూర్చో ఇంగ్లీషప్పా," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

కళాయి ఆయన నావైపు చూశాడు. కోపం లేదు. "అట్ల చెప్పిందా ఆయమ్మ?"

"చెప్పింది."

"చెప్తే చెప్పనీ. వానితో అరస్తా అరస్తానే, వాని చొక్కా గుండీ పెట్టింది చూసినావా? గుండీని చూడను కూడా లేదు. ముక్కూ ముఖం తెలీనోనికి ఎవరైనా అట్ల పెడతారా?"

"అది సినిమా అన్నా."

"కొత్తోళ్ళు కొట్లాడేది వేరప్పా, కాపురం చేసినోళ్ళు కొట్లాడేది వేరు. వీళ్ళు ఎదుటోళ్ళు ఏమంటారో ముందే తెలిసి కొట్లాడతా ఉండారు."

"నీకి ఇంగ్లీషు తెలీదు. తెలీకుండా జనానికి అబద్ధం చెప్పేది తప్పు."

ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది. ఆయన కాసేపు తెర చూశాడు, కాసేపు చివరి బెంచీ చూశాడు. "సరేప్పా. తెలిసినోడివి నువ్వే చెప్పు," అని పెట్టె దిగి, ముందు వరుసలో నేలమీద కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ కాళ్ళు కదలకుండా ఉండటం నేను మొదటిసారి చూశాను.

నేను పెట్టెక్కి చెప్పాను. ప్రతి వాక్యం సరిగ్గా చెప్పాను. "మీ ప్రవర్తన పట్ల నాకు అభ్యంతరం ఉన్నది అని ఆమె అంటున్నది." ఒక్కరు నవ్వలేదు. ఒక ముసలాయన, "ఇదేమప్పా, రిజిస్ట్రాఫీసులో కాగితం చదివినట్ల ఉండాది," అని బీడీ వెలిగించుకోవడానికి బయటికి పోయాడు. ఆయన వెనక ఇంకో నలుగురు. నాలుగో రీలు మొదలయ్యేసరికి చివరి బెంచీలో ఆమె లేచింది. వెలుగు ఒకసారి లోపలికి వచ్చింది, తలుపు మూసుకుంది.

పోయిన నెల మేడ మీద ఆ పోయిన మొదటి రీలు చూశాను. పదేళ్ళ కిందటి సంగతిగా చూపించారు. ఒక చిన్న ఊరు. అదే అమ్మాయి, అదే కుర్రవాడు. ఎవరికీ చెప్పకుండా పెళ్ళి చేసుకొని, ఆ సాయంత్రమే రైల్వే స్టేషనులో ఏదో ఒక మాట మీద జగడమాడి, చెరో రైలెక్కి పోయారు. పెళ్ళి కాగితాలు ఆ ఊరి కచ్చేరీతో పాటు కాలిపోయాయి. అంటే ఫోనులో స్నేహితురాలికి చెప్పిందే అబద్ధం. మనుషులు అబద్ధమాడతారని నా నిఘంటువులో లేదు. మాటలన్నీ తెలిసిన నాకు తప్పిపోయిన కథ, ఒక్క మాట తెలియని ఆయనకు ఒక గుండీలో దొరికింది. ఇది ఎవరితో చెప్పుకోవాలి? ఆయన లేడు, ఆమె అంతకు ముందే కన్నుమూసింది. ఆ గడ్డం అబ్బాయికి చెప్తే తలాడించి, చాలా ఆసక్తికరం అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

మళ్ళీ వెనక్కి వస్తాను. తర్వాత రెండు ఆదివారాలు ఆమె రాలేదు. ఆయన వచ్చేవాడు గాని పెట్టె ఎక్కలేదు. జనం నన్ను చూసి పక్కకు తిరిగేవారు. అంగట్లో తక్కెడ ముందు నిలబడి లెక్క మరిచిపోయేవాణ్ణి. శెట్టిగారు, "నీకి ఏమొచ్చిందప్పా, తూచిందే తూస్తా ఉండావు" అన్నారు. సెలవడిగి గురుబరపల్లి బస్సెక్కాను.

ఆమె అన్న ఇంటి వాకిట్లో చెనక్కాయలు వలుస్తూ ఉంది. నన్ను చూసి తలెత్తలేదు.

"ఏమప్పా, ఇంగ్లీషు అయిపోయిందా?"

"తప్పు నాది వదినమ్మా. ఆ పొద్దు నేను లేచుండకూడదు."

"నువ్వు లేస్తే నాకేమి, కూర్చుంటే నాకేమి. ఆయనకి ఇంగ్లీషు రాదని నాకి తెలీదా? కట్టుకున్నదాన్ని."

"మరి ఎందుకు పోయినావు?"

ఆమె చేతిలో కాయ పగలగొట్టింది. "నువ్వు ఒక మాట అనినావు. ఆయన పోయి కింద కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకోని, నోరు మూసుకోని. ఇంట్లో అచ్చం అట్లనే కూర్చుంటాడు. ఆరేండ్లు దాన్ని చూసినాను. మళ్ళీ టికెట్టు కొనుక్కోని చూడల్నా?"

నేను దొర్లిపోయిన కాయలు రెండు ఏరి ఆమె ముందు పెట్టాను.

"ఆయన నీతో ఆ పెట్టె మీద నిలబడి కొట్లాడుంటే నేను యాడికి పోయుందును? శుక్రవారం మా అన్న బండి తోలుకోని వస్తాడు. నా బీరువా, నా బిందెలు ఇచ్చి పంపమని చెప్పు. అంతకు ముందే ఆయన వచ్చి మాటాడితే వేరే. ఊరితో కాదు. నాతో."

సాయంత్రానికి హోసూరు చేరాను. ఆయన ఒక పెళ్ళివాళ్ళ అండాలో నిలబడి తోముతున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. కాళ్ళు ఆగిపోయాయి.

"ఏం మాటాడేదప్పా?"

"ఏమైనా అన్నా. నీకి మాటలకి కరువా?"

"తెర లేకుండానా?" అన్నాడు. తమాషాకు కాదు.

మరునాడు ఉదయం ఇద్దరం బస్సెక్కాం. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. కమ్మీ పట్టుకొని, పెదవులు కదుపుతూ, మడమలు రుద్దుతూ నిలబడ్డాడు. కండక్టరు రెండుసార్లు తిట్టాడు. గురుబరపల్లిలో దిగి, ఆ ఇంటి ముందుకు పోయేసరికి పెదవుల కదలిక కూడా పోయింది. ఆయన బావమరిది, అంటే ఆమె అన్న, తిన్నె మీద కూర్చొని ఉన్నాడు. పక్కింటివాళ్ళు ఇద్దరు ముగ్గురు చేరారు. ఆమె వచ్చి వాకిలి పట్టుకొని నిలబడింది. లారీలు పోతున్నాయి.

"వచ్చిన పనేమి బావా?" అన్నాడు బావమరిది.

ఆయన ఆమెవైపు తిరగలేకపోయాడు. పక్కకు తిరిగి, నా వైపూ ఆ నలుగురి వైపూ చూసి, చెయ్యెత్తి, తన గుండెను తనే చూపించాడు.

"చూడండప్పా," అన్నాడు. కొట్టాయి గొంతు. "ఈడ నిలబడుకోనుండాడే, వీడు కళాయివాడు. ఊరూరూ తిరిగి అరస్తాడు. ఇంటికొస్తే మాట లేదు. యాల? భయం. ఊరోళ్ళ కాడ ఒక మాట తప్పు పోతే, నవ్వి పోతారు. ఆయమ్మ కాడ తప్పు పోతే, ఆయమ్మ ముఖం మారుతాది. ఆ ముఖం వీడు చూడలేడు. గమ్మునుంటే తప్పే రాదు కదా అనుకున్నాడు. శానా తెలివైనోడు."

"ఇదేమి ఆట?" అని బావమరిది లేవబోయాడు.

"నువ్వు గమ్మునుండన్నా," అందామె. "చెప్పనీ."

"ఇప్పుడు బస్సెక్కి వచ్చినాడు. దోవంతా మాటలు కూడబెట్టుకున్నాడు. ఊరు కనిపిస్తానే అన్నీ జారిపోయినాయి. కాళ్ళు చూడండి, ఒక కాడ నిలుస్తా ఉండాయా. వీనికి ఆయమ్మ కావల్ల. ఆయమ్మ తిట్టినా కావల్ల. అది ఎట్ల అడగల్లనో వీనికి ఎవరూ నేర్పీలేదు."

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. తర్వాత, "ఆ వాకిట్లో ఉండే ఆయమ్మ ఏమంటా ఉండాది?" అని అడిగింది.

అప్పుడు తిరిగి ఆమె ముఖం చూశాడు.

"ఆయమ్మ..." అన్నాడు. గొంతు తగ్గింది. "ఆయమ్మ, ఇంతదానికి ఇంత దూరం వచ్చినాడా, పొమ్మంటా ఉండాది."

"తప్పు చెప్తా ఉండావు," అందామె. "సంచి సర్దుకునేదానికి లోపలికి పోతా ఉండాది."

పోయింది. ఆయన కాసేపు ఖాళీ వాకిలి చూశాడు. తర్వాత మావైపు తిరిగి, మేమందరం కళ్ళారా చూసినా సరే, చెయ్యెత్తి చెప్పాడు:

"ఆయమ్మ సంచి సర్దుకునేదానికి లోపలికి పోయిందప్పా."